గడియారం నా దగ్గరుంది

ఫిబ్రవరి రెండో గురువారం, రాత్రి ఏడు.
సుపీరియర్ సరస్సు మీంచి వచ్చిన మంచు
మా వంటింటి కిటికీని సగం దాకా పూడ్చేసింది.
లైబ్రరీ మెట్లు ఎక్కడున్నాయో
మార్చి దాకా ఎవరూ చెప్పలేరు కనుక
ఊళ్ళో రాసేవాళ్ళంతా ఈసారీ
తలో చిన్న పెట్టెలో కూర్చుని వచ్చారు.

నేను రాయను.
ఇరవై ఆరేళ్ళు ఐస్ రింకులో
హాకీ ఆటలకి గడియారం నడిపినవాణ్ణి.
ఈల మోగితే ఆపడం, నల్లబిళ్ళ కింద పడితే వదలడం,
అంతే నా విద్య.
అందుకే మార్లిస్ పిలిచింది:
"మనిషికి నాలుగు నిమిషాలు, ఆర్వో.
కవుల మధ్య నీలాంటివాడు ఒకడుండాలి."
మూడో నిమిషానికి పసుపు గరిటె,
నాలుగుకి ఎర్ర చేతితొడుగు
కెమెరా ముందు ఎత్తి పట్టుకుంటాను.

మొదట వైనో టకాలా.
మంచు తోసే బండి నడిపి నడిపి మొన్నే రిటైరయ్యాడు.
అతని కవితలో దారి పొడుగునా పోస్టు డబ్బాలే,
తను విరగ్గొట్టినవి, ఇంటిపేర్లతో సహా.
ఆ ఇళ్ళవాళ్ళు ముగ్గురు ఈ తెర మీదే ఉన్నారు.
ఒకావిడ నవ్వలేదు.

తర్వాత నర్సు కొలెట్,
ఆసుపత్రి పార్కింగులో, కారు లోపలి దీపం కింద.
అద్దానికి పట్టిన ఆవిరిని మోచేత్తో తుడుస్తూ
రెండు చిన్న కవితలు చదివింది.
మూడోది ఎత్తుకుని,
"పిలుస్తున్నారు" అంటూ
వాక్యం మధ్యలోనే తలుపు తీసి వెళ్ళిపోయింది.
ఖాళీ సీటు మాత్రం మాతోనే ఉండిపోయింది,
బెల్టు కాసేపు ఊగి.

కెమెరా తెరవని కుర్రాడొకడు,
పేరు బదులు ఒక చుక్క పెట్టుకున్నవాడు,
గుక్క తిప్పుకోకుండా చదివేశాడు
నలభై సెకన్లలో.
మిగిలిన మూడు నిమిషాల ఇరవై సెకన్లని ఏం చెయ్యాలో
వాడికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.
వాడి వెనకాల ఎక్కడో బట్టల మిషను తిరుగుతోంది.

ఇక లెంపి హార్యు. ఎనభై తొమ్మిది.
మనవరాలు తెర సరిచేసి పక్కకి తప్పుకోగానే
కాగితాన్ని ముక్కుదాకా తెచ్చుకుని మొదలుపెట్టింది.
శబ్దం లేదు.
మైకు మూసి ఉంది.
మార్లిస్ చెయ్యెత్తింది,
"లెంపీ, మీరు..." అనబోయి ఎందుకో ఆగింది.
మేమెవరమూ అనలేదు.

ఆమె వేలు వరస వెంట వరస పాకుతోంది.
ఒకచోట వెనక్కి మళ్ళి, చదివిందే మళ్ళీ చదివింది.
ఒకచోట తలెత్తి, కిటికీ దగ్గర
ఎవరో నిలబడ్డట్టు అటు చూసి
గట్టిగా ఏదో అంది. తిట్టో, పేరో.
వైనో టోపీ తీశాడు.
చుక్క కుర్రాడి కెమెరా తెరుచుకుంది:
మొటిమల మొహం, చెవుల దాకా లాక్కున్న దుప్పటి.

నా వేలు గడియారం మీదే ఉంది. నొక్కలేదు.
బిళ్ళ మంచుని తాకిన చప్పుడు వినపడందే
ఏ ఆటా మొదలైనట్టు కాదు.
రూలు అది. నేను పెట్టింది కాదు.

చివరికి కాగితం మడిచి, కళ్ళజోడు తీసి,
చప్పట్ల కోసం కాబోలు, మావైపు చూసింది.
కొట్టాం. మా మైకులూ మూసే ఉన్నాయి.
పాతిక జతల చేతులు, ఒక్క చప్పుడు లేదు.
మనవరాలు పరిగెత్తుకొచ్చి ఏదో నొక్కింది.
"ఇది తెరవనే లేదు మామ్మా, ఏమీ వినపడి ఉండదు."
అప్పుడు వినిపించింది లెంపి గొంతు:
"మరి అంతసేపూ ఎందుకు కూర్చున్నారు వీళ్ళు?"

జవాబు లేదు ఎవరి దగ్గరా.
మళ్ళీ చదవమంటే వద్దంది.
కాఫీ చల్లారిపోతోందట.

పెట్టెలన్నీ ఆరిపోయాక
మార్లిస్ కోసం లెక్క రాశాను.
వైనో, అయిదు నిమిషాల పది సెకన్లు,
తొడుగు రెండుసార్లు చూపినా ఆగలేదు.
కొలెట్, సగం.
చుక్క, నలభై సెకన్లు.
లెంపి హార్యు, సున్నా.
ఆ సున్నా పక్కన ఇంకేదో రాయాలనిపించి
పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను,
ఎడమ చేతికి ఇంకా ఎర్ర తొడుగుతో.

బయట మంచు బండి వెళ్ళింది.
ఇప్పుడు నడిపేది కొత్త కుర్రాడు.
మా పోస్టు డబ్బా ఏమైందో
తెల్లారాక చూడాలి.